తెల్ల సిరా

కిషన్ మొదటి రోజే బూట్లతో ఫిల్ముల గదిలో అడుగుపెట్టాడు. మేబెల్‌కు అతని సంగతి అక్కడే తేలిపోయింది.

బొల్లారం దాటాక వచ్చే ఆ చిన్న మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ముల గదికి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమే గుమాస్తా, ఆమే కాపలా. తాళంచెవి చీర కొంగుకు ముడేసుకుని తిరుగుతుంది. ఇంట్లో బీరువా తాళం ఎక్కడ పెట్టిందో రోజూ భర్త డేవిడ్ రాజును అడుగుతుంది గానీ, ఈ తాళం మాత్రం ఆమె కొంగు విడిచి ఎప్పుడూ పోలేదు. అలాంటి గదిలోకి పెద్ద డాక్టరు హదస్సా ఈ ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చింది.

“మేబెల్, ఈయన యూరప్ రీసెర్చ్ ప్రాజెక్టు తరఫున వచ్చారు. రొమ్ము ఎక్స్‌రేల పాత ఫిల్ములు స్కాన్ చేస్తారు. అడిగినవి తీసివ్వు.”

“అన్నీనా డాక్టరమ్మా?”

“అన్నీ.”

పెద్ద డాక్టరు వెళ్ళిపోయింది. కిషన్ ఒక రంగుల కాగితం మేబెల్ చేతికిచ్చాడు. గ్రిడ్ కంప్యూటింగ్, వ్యాపారానికీ సమాజానికీ అని దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. మేబెల్ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

“సమాజం మంచిదే నాయనా. మరి ముందల వ్యాపారం ఎందుకు రాసిండ్రు?”

కిషన్ నవ్వాడు. నవ్వేవాళ్ళంటే మేబెల్‌కు ఇంకా అనుమానం. “ఆంటీ, ఒక్క ఆసుపత్రిల ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా ఈ పనికి చాలదు. ఇటలీలది, ఫిన్లాండ్‌లది, ఇక్కడిది, అన్నీ కలిపి ఒక్క మిషన్ లెక్క పని చేపిస్తరు. పెండ్లయితే బస్తీల అందరి ఇండ్లకెంచి గిన్నెలు, గంగాళాలు తెచ్చుకోమా? గట్లనే. ఒక డాక్టర్ బొమ్మ చూపిచ్చి ఇసొంటిది ఎక్కడన్న ఉందా అని అడిగితే, అన్ని ఆసుపత్రులల్ల వెతికి తెచ్చిస్తది.”

“పెండ్లికిచ్చే గిన్నెల మీద పేర్లు కొట్టిస్తరు కదా?”

“గిన్నెల మీద ఉంటయి. వీటి మీద ఉండయి ఆంటీ. ఒక నంబరు, వయసు, అంతే. పేర్లు చెరిపేస్తం.”

అబ్బో, చెరిపేస్తారట! ఊరూ పేరూ తెలియని దేశానికి మన ఆడవాళ్ళ ఫిల్ములు పంపి, పేర్లు మాత్రం చెరిపేస్తారట! మేబెల్ ఆ కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టింది.

ఆమె భయం వట్టి చాదస్తం కాదు. దానికో పేరుంది: శ్యామలమ్మ.

పద్మారావు నగర్‌లో కాపురముండే శ్యామలమ్మ పంతొమ్మిదేళ్ళ కింద ఒక గురువారం ఒంటరిగా ఈ ఆసుపత్రికి వచ్చింది. ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ. ఇప్పటికి ప్రమాదం లేదు, ఏటేటా చూపించుకోవాలి అన్నారు డాక్టర్లు. ఆమె డాక్టర్లతో తల ఊపి, బయటికొచ్చి, మేబెల్ ముందు స్టూలు మీద కూలబడి ఏడ్చింది. కూతురు అనుపమ అప్పుడు మెడిసిన్ రెండో సంవత్సరం. ఈ మాట తెలిస్తే పిల్ల పుస్తకాలు కట్టిపెట్టి తన పక్కన కూర్చుంటుందని ఆమె బెంగ. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వనని మేబెల్ తన సొరుగులోని బైబిల్ మీద చెయ్యేసి మాటిచ్చింది.

అనుపమ చదువు అయిపోయింది. ఉద్యోగమూ వచ్చింది. అప్పటికైనా చెప్పొచ్చు కదా అంటే, శ్యామలమ్మ తల అడ్డంగా ఊపేది. “ఇన్నేండ్లు దాచిపెట్టి ఇప్పుడేమని చెప్తా మేబెలమ్మా? దాని పనే ఇది. రోజు ఇసొంటి బొమ్మలే చూస్తది. తల్లిది మాత్రం చూడలేదంటే దాని పానం ఎట్లుంటది?” ఏటేటా అల్వాల్ సంతకని ఇంట్లో చెప్పి ఆమె వస్తూనే ఉంది, ఇప్పటికీ.

రెండో రోజు కిషన్ మాటల మధ్యలో, గ్రిడ్‌లో చేరిన ఆసుపత్రుల పేర్లు చెప్పాడు. బయటి దేశాలవి నాలుగు. హైదరాబాద్‌ది ఇంకొకటి. ఆ ఇంకొకటి అనుపమ పనిచేసే ఆసుపత్రి.

ఆ మధ్యాహ్నం కిషన్ భోజనానికి వెళ్ళగానే మేబెల్ అరలోంచి శ్యామలమ్మ కవరు తీసింది. అందులోని ఫిల్ములన్నింటినీ ఇనప బీరువాలో అడుగున, చర్చి రిజిస్టర్ల కింద పెట్టి తాళం వేసింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు, కానీ ఎవరూ అడగకపోతే అబద్ధం కాదు కదా.

అక్కడి నుంచి ఆమె కన్నంతా అతని మీదే. ఫోన్ రాగానే వరండాలోకి ఎందుకు పోతాడు? ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు గొంతెందుకు తగ్గిస్తాడు? మూడుసార్లు అతని వెనకే నిలబడి తెర చూసింది. పేరు గడి ఖాళీ. వయసు, నంబరు, అంతే. అయినా ఆమెకు నిద్ర పట్టలేదు. ఖాళీ గడి చూపించడం పెద్ద విద్యా ఏమిటి, ఇంకెక్కడో దాచి ఉంటాడు అనుకుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది కూడా. “నీ తల్లి ఫిల్మయితే గిట్ల పంపుతవా?” అతను కాస్త ఆలోచించి, “పంపుతా ఆంటీ. ఇంకో తల్లికి పనికొస్తదంటే పంపుతా,” అన్నాడు. మాటలు బాగానే నేర్చాడు అనుకుంది మేబెల్.

పదిరోజుల్లో నాలుగు వందల పదకొండు కవర్లు అయిపోయాయి. చివర్లో, నర్సింగు విద్యార్థులకు చూపించే పాత ఫిల్ముల పెట్టె కూడా అతనే దించుకుని స్కాన్ చేశాడు. అందులో ఏముందో మేబెల్ పట్టించుకోలేదు.

ఆ మరుసటి వారం ఒక బుధవారం, పొద్దున పదకొండింటికి, తెల్లకోటు చేతిమీద వేసుకుని ఒకామె ఫిల్ముల గది ముందుకొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. ముక్కు, నుదురు అన్నీ శ్యామలమ్మవే. మేబెల్ లేచి నిలబడింది.

“నేను డాక్టర్ అనుపమ, ఆంటీ. శ్యామలమ్మ గారి అమ్మాయిని.”

అంతే! మేబెల్ రక్తం తలకెక్కింది. స్కానర్ తిరిగి తీసుకుపోవడానికి వచ్చి మూల కుర్చీలో కూర్చున్న కిషన్ మీదికి వేలు చాచింది. “చెప్పలేదా నేను! పేర్లు పోవన్నవు కదా! ఆడోళ్ళ పేర్లన్నీ ఊరి మీద పెట్టినవు కదరా! ప్రభువు నిన్ను ఊకే ఇడిచిపెట్టడు!”

కిషన్ కుర్చీలోంచి లేచాడు. “నేనేం చెయ్యలే ఆంటీ!”

“ఆయన్ని అనకండి ఆంటీ,” అంది అనుపమ. “పొద్దున ఒక పేషెంట్ బొమ్మ పెట్టి, ఇలాంటివి ఉన్నాయా అని గ్రిడ్‌ని అడిగాను. మూడు వచ్చాయి. రెండు బయటి దేశాలవి. మూడోది ఇక్కడిది. ఒక్కసారి మీరే చూడండి.”

కిషన్ కంప్యూటర్‌లో ఆమె ఆ బొమ్మ తెరిచింది. పేరు గడి ఖాళీ. వయసు, నంబరు, అంతే. ఆమె బొమ్మను పెద్దది చేసి, కింద ఎడమ మూలకు జరిపింది. నల్లటి మూలలో తెల్లటి గుండ్రటి అక్షరాలు. శ్యామలమ్మ, భర్త తుకారాం, పద్మారావు నగర్.

“ఈ రాత ఎవరిది ఆంటీ?”

తెలుగులో ‘శ’ను అంత పొడుగు తోకతో రాసేది ఆ ఆసుపత్రిలో ఒక్కరే.

మేబెల్ ఉద్యోగంలో చేరిన ఏడాది ఇద్దరు ఆడవాళ్ళ ఫిల్ములు తారుమారై, ఏ జబ్బూ లేనామెను ఆపరేషన్ గది తలుపు దాకా తీసుకుపోయారు. ఆ రోజు నుంచి మేబెల్ ఎవరినీ నమ్మలేదు. తడారిన ప్రతి ఫిల్ము మూలనా తన చేత్తో, తెల్ల సిరాతో, వార్డు ఆయాలు కూడా చదవగలిగేలా తెలుగులో పేరు రాసింది. నర్సింగు పాఠాల పెట్టెలోకి ఎప్పుడో చేరిపోయిన శ్యామలమ్మ మొదటి ఫిల్ము మీద కూడా.

కిషన్ తెర వైపు వంగి చూశాడు. “పేర్లు చెరిపే ప్రోగ్రాం ఇంగ్లీషు అక్షరాలనే పట్టుకుంటది,” అన్నాడు నెమ్మదిగా. “తెలుగు దానికి తెల్వదు. యూరప్ వాళ్ళు ఇవి ఫిల్ము మీద గీతలనుకున్నరు. నేను సుత మూలలు చూడలే ఆంటీ. ఇప్పుడే మన లైన్ తీసేస్తున్న, అన్నీ ఆపేస్తున్న.”

మేబెల్ అతని వైపు చూడలేకపోయింది. దొంగ బయటివాడే అనుకుని పది రోజులు అతని వెనకే తిరిగింది. నాలుగు వందల మంది ఆడవాళ్ళ పేర్లు తన చేతి మీదుగానే పోయాయి. ఆమె స్టూలు పట్టుకుని నిలబడింది.

“నాదే బిడ్డా. నా రాతే.”

అనుపమ తల వంచుకుంది. “ఎన్నేళ్ళుగా?”

“పంతొమ్మిది.”

“అమ్మ ఒక్కతే వచ్చేదా?”

“వచ్చుడు ఒక్కతే వచ్చేది. లోపట నేను పక్కన ఉండేదాన్ని. చెయ్యి పట్టుకునేదాన్ని.”

అనుపమ ఆ స్టూలు మీదే కూర్చుని, కోటులో మొహం దాచుకుని, బయటికి వినిపించేలా ఏడ్చింది. రోజుకు ముప్పైమంది తల్లులవి చూస్తాను ఆంటీ, ముప్పైమందివి అని అదే మాట అంటూ పోయింది. మేబెల్ ఆమె వీపు మీద చెయ్యేసింది. తల్లి ఏడ్చింది కూడా ఈ స్టూలు మీదేనని చెప్పలేదు.

కాసేపటికి అనుపమ కళ్ళు తుడుచుకుంది. “మిగతావి చూపించండి. గడ్డ పెరిగిందో లేదో నేను చూడాలి.”

మేబెల్ చెయ్యి కొంగు ముడి మీదికి పోయి, అక్కడే ఆగింది.

“నేను కూతుర్ని ఆంటీ. డాక్టర్ని కూడా.”

“ఎరికే బిడ్డా. నీకంటే ఎవరికున్నది హక్కు? కానీ మాట ఇచ్చింది మీ అమ్మకు. ఒకపారి నా చేతిలకెంచే పోయింది. రెండోపారి పోనియ్య. ఆమెను తోలుకరా. ఆమె తియ్యమంటే ఈ నిమిషం తీస్తా.”

అనుపమ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

మేబెల్ దూది, స్పిరిటు సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. పాఠాల పెట్టె దించమని కిషన్‌కు చెప్పింది. అతను గుమ్మం బయటికి పోయి బూట్లు విప్పి వచ్చాడు. ఆమె శ్యామలమ్మ మొదటి ఫిల్ము ఎంచి తీసి, మూల మీద తడి దూది ఆనించింది. పొడుగు తోక ముందు కరిగింది.

వరండాలోంచి మాటలు వినిపించాయి. “అమ్మా, నేను బొల్లారం ఆసుపత్రిలో ఉన్నా... ఆఁ, అదే... లేదమ్మా, కోపం లేదు... వద్దు, నువ్వు ఒక్కదానివి రావొద్దు. నేనే వచ్చి తీసుకొస్తా.”