గడ్డిబొమ్మను గెలిచిన విలుకాడు

అక్క మొగుడు దర్జీ. ఆయన కుట్టిన చొక్కా షాపులోని బొమ్మకు అతికినట్టు సరిపోతుంది. మనిషి చెయ్యెత్తితే మాత్రం చంక చిరుగుతుంది. అదే బుర్రతో మా ఇంటిల్లిపాదీ ఆడే కంప్యూటర్ ఆటలోకి దిగాడు. డ్రాగన్ మీదికి వెళ్లే జట్టులో విలుకాడికి ఒక్కటే చోటు. అది తనకా, అక్కకా అని తగువు.

ఈ బావిలో కప్ప బావ నెల రోజులు ఎనిమిది రకాల విలుకాళ్లను తయారుచేసి, సాధన మైదానంలో గడ్డిబొమ్మను కొట్టి కొట్టి, ఎవరి దెబ్బ ఎంతో పట్టిక గీశాడు. ఆట ఇచ్చే పాయింట్లన్నీ వింటి బలానికే పోసినవాడు మొదటివాడు. వాడికి విల్లుంది గానీ కదిలే వీల్లేదు. సగం బలం, సగం చురుకుతో అచ్చం అక్క విలుకాడిలా చేసినవాడు ఆఖరివాడు.

"చూశావుగా, బామ్మర్దీ. మీ అక్కది బాణం కాదు, చీపురుపుల్ల," అన్నాడు.

పట్టిక చూసి చోటు ఆయనకే ఇచ్చాం. గుహలో డ్రాగన్ పక్కకు జరిగింది. బావ తీరిగ్గా గురిచూసి గోడను కొట్టాడు. రెండో బాణం తీసేలోపు బూడిదయ్యాడు.

"అది కదిలిందిరా," అన్నాడు మోసపోయినవాడిలా.

"చొక్కా తొడుక్కునేవాళ్లూ కదుల్తారండీ. ఇక లేవండి," అని అక్క కుర్చీ లాక్కుంది.