ఎవరో నడిస్తే ఆడే మగ్గం

కొత్తవాడలో మగ్గాలన్నీ కోడికూతతో మొదలయ్యేవి. సమ్మయ్య మగ్గం మాత్రం పొద్దు నడినెత్తికి వస్తేగాని కదిలేది కాదు. జర్మనీలో అప్పుడే తెల్లవారుతుంది.

నడుముకు దెబ్బ తగిలి సమ్మయ్య కాళ్ళు చచ్చుబడి చాలా ఏళ్ళయింది. చేతులు మిగిలాయి. అతను నేసిన జంపఖానాలు బొంబాయి రేవు దాటి అక్కడి ఇళ్ళలో పరుచుకున్నాయి. వాటి మీద ఎవరు నడిచినా ఇక్కడ మగ్గం గుంటలో తొక్కుడు చెక్కలు వంతులవారీగా దిగేవి, పోగులు విడేవి, వాటి నడుమ నుంచి సమ్మయ్య నాడె విసిరేవాడు. ఆదివారాలు వాళ్ళు ఇంటిపట్టునే ఉంటారు కనుక పని బాగా సాగేది. ఎండాకాలం సెలవులకు వాళ్ళు ఊళ్ళు పోతే మగ్గం పడుకునేది.

"ఏం మామా, జర్మనోళ్ళు ఇంక లేవలేదా?" పక్కింటి కొమురెల్లి వాకిట్లోంచి ఎగతాళి చేసేవాడు.

"రాత్రి బాగ తాగిండ్రు బిడ్డా. జర లేటయితది."

నేసిన ఇంటివాళ్ళ పాదానికి ఆ మగ్గం లొంగేది కాదు. సమ్మయ్య భార్య భాగ్యమ్మ ఒకసారి గుంటలో దిగి తొక్కి చూసింది. చెక్క రాయిలా నిలబడింది.

ఎనభై మూడులో అడుగులు పలచబడ్డాయి. ఎగుమతి కంపెనీ ఏజెంటు మల్లికార్జున్ వచ్చాడు గాని, గడప దాటి లోపలికి రాలేదు.

"మిషన్‌ది మెత్తగుంటదట, సస్తగ దొరుకుతదట. మనవి చుట్టి మూలకేస్తాన్రు సమ్మయ్యా. మొన్న పంపిన బేళ్ళు గూడ వాపస్ వచ్చినయి."

"గరుకని ఇన్నేండ్లు తెల్వదా సేటూ?"

"వాళ్ళ పాదాలు, వాళ్ళ ఇష్టం."

బేళ్ళు వాకిట్లో దింపించి వెళ్ళిపోయాడు. దసరా నాటికి చెక్కలు పూర్తిగా ఆగిపోయాయి. వాడలో సగం మంది అప్పటికే భీవండి పవర్‌లూములకు పోయారు. కొమురెల్లీ పోయాడు. భాగ్యమ్మ కూడా పోవడానికి సిద్ధమైంది. సమ్మయ్యను మడికొండలో అతని చెల్లెలింట్లో ఉంచాలనుకుంది.

"ఒకలింట్ల పెట్టిపోను నేనేమన్న మూటనా?"

"మూటయితే నా ఎంట తీస్కపోదును."



ఆ వారమే కొమురెల్లి భీవండి నుంచి దగ్గుతూ ఇంటికొచ్చాడు. మూడో పొద్దు చూడలేదు. వాళ్ళింట్లో పరిచేందుకు చాప కూడా లేకపోతే, వాపసు వచ్చిన జంపఖానా ఒకటి తెచ్చి భాగ్యమ్మ వాళ్ళ వాకిట్లో పరిచింది. వాడలో మిగిలినవాళ్ళంతా వచ్చారు.

నీళ్ళ బిందె కోసం ఆమె ఇంటికొచ్చేసరికి మగ్గం దడదడా ఆడుతోంది. సమ్మయ్య ముఖం వెలిగిపోతోంది.

"ఏమే! జర్మనోళ్ళు మల్ల పరిచిండ్రే! ఏదో పండుగున్నట్టుంది, ఒక్క తీరుగ తొక్కుతాన్రు!"

భాగ్యమ్మ బిందె కింద పెట్టింది.

"జర్మనీ కాదు. కొమురెల్లి వాకిలి."

సమ్మయ్య చేతిలో నాడె ఆగింది. చెక్కలు ఆగలేదు. ఒకటి దిగుతోంది, ఒకటి లేస్తోంది. గోడ అవతల ఏడుపు వినబడుతోంది.

ఆమె నూలు చుట్టిన కండె తీసి అతని చేతిలో పెట్టింది.

"జరసేపట్ల పీనుగను లేపుతరు, అందరు పోతరు. జల్ది నెయ్యి."

భాగ్యమ్మ భీవండి పోలేదు. సామాను కిరాయికిచ్చే దుకాణం వాళ్ళు వాపసు వచ్చిన జంపఖానాలన్నీ కొనుక్కుని, చావు జరిగిన ప్రతి ఇంటికీ పంపారు. ఆ యేడు కొత్తవాడలో సమ్మయ్య మగ్గానికి పని తక్కువ కాలేదు.