దావీదు చెంబు

సెంటినరీ కాలనీ డిస్పెన్సరీ వరండాను చివరి మెట్టు దాకా తుడిచి, మార్తమ్మ ఫినాయిల్ డబ్బా మూత బిగించింది. దాన్ని అలమారలో పెట్టి తాళం వేసింది. ముప్పై ఏళ్ళ డ్యూటీ ఈ రోజుతో సరి. మోకాళ్ళు అరిగాయి, వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. నోరు మాత్రం అరగలేదు.

వీడ్కోలు సభలో శాలువా కప్పే ముందు క్లర్కు రిచర్డ్ ఆమె చెవిలో గొణిగాడు. "పెద్దమ్మా, ఇయ్యాల ఆ ముచ్చట తియ్యకు. నలుగురు సంతోషంగ ఉన్నరు."

"సంతోషంగ ఉన్నప్పుడే చెప్పాలె. ఏడ్చేటోళ్ళకు చెప్తె ఏం ఫాయిదా?" అని, శాలువా చంకన పెట్టుకుని మరీ చెప్పింది.

బొగ్గు బావి నుంచి వచ్చిన మనిషి ఒళ్ళు కడుక్కోకుండా గడప తొక్కడు. అందుకే క్వార్టర్ల లైన్లలో ప్రతి పెరట్లోనూ నల్లా పక్క గోడ మీద నీళ్ళ సీసా ఉంటుంది. ముఖానికి సబ్బు రుద్దుకుని, కళ్ళు మూసుకునే చెయ్యి చాచి, గొంతులోని బొగ్గు దుమ్ము పోయేలా గడగడా తాగుతాడు. పదకొండేళ్ళ కిందట మార్తమ్మ భర్త దావీదు అలాగే తాగాడు. అవి నీళ్ళు కావు. బండివాడి దగ్గర బాత్రూం యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోయించుకుని, గోడ మీద పెట్టింది మార్తమ్మే. వాడకట్టువాళ్ళు ఉప్పునీళ్ళు పట్టి కక్కించారు. దిగేటప్పుడు కాలిన గొంతు మళ్ళీ కాలింది. మూడో రోజు పోయాడు.

గుండెపోటని చెప్పుకోమన్నారు చుట్టాలు. ఆమె వినలేదు. కాలనీ అంతా తనను వేలెత్తి చూపినా సరే, ఆ వేలు ఒకసారి ఇంట్లో సీసా వైపు కూడా తిరగాలని ఆమె పంతం.

బెల్లంపల్లిలో చెల్లెలి ఇంటికి సామాను పొద్దున్నే వెళ్ళింది. సాయంత్రం బస్సుకు తను పోవాలి. చేతిసంచిలో మిగిలింది దావీదు స్టీలు చెంబు ఒక్కటే. నీళ్ళకు సీసా అయితే తేలికని ఆ రోజుల్లో తానే ఆ చెంబును అటక ఎక్కించింది. బస్సుకు ముందు, సీసా తీయించాల్సిన ఇల్లు ఒకటి మిగిలింది. తన లైన్లోనే ఉండే దీప ఇంటికి మూడుసార్లు వెళ్ళినా ఆ పెరటి గోడ మీది యాసిడ్ సీసా కదల్లేదు.

"నీళ్ళది ఈ దిక్కు, యాసిడ్ ఆ దిక్కు. మా ఆయనకు ఎరుకే అవ్వా," అంది దీప ఈసారి కూడా.

"కండ్లల్ల సబ్బు పడ్డంక ఏ దిక్కు ఎరుకైతది బిడ్డా?"

మార్తమ్మ ఇక వాదించలేదు. సీసా తీసుకుని మరుగుదొడ్లో కుమ్మరించి, పైన నీళ్ళు పోసి, ఖాళీ సీసాను కాలికింద వేసి తొక్కింది.

"అడగకుంటనే పారబోస్తవా? పొయ్యేటిదానివి పోరాదు!" దీప కస్సుమంది.

"పోతున్న. గిది పారబోసినంకనే పోతున్న."

అంతలో దీప భర్త జైపాల్ ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు. ముఖమంతా సబ్బు పూసుకుని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి సరిగ్గా యాసిడ్ సీసా ఉన్న చోటే తడిమింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"దీపా, నీళ్ళేవి?"

మార్తమ్మ సంచిలోంచి చెంబు తీసి, కడిగి, గోడకు రెండో పక్కనున్న సీసాలోని నీళ్ళు అందులో వంపి అతని చేతికిచ్చింది. జైపాల్ ఎత్తిన చెంబు దించకుండా తాగాడు.

దీప వచ్చి మార్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మల్ల యాసిడ్ బండి వస్తే ఎట్లవ్వా?"

"సీలు డబ్బనే కొను. అందకుంట తాళమేసి పెట్టు. ఎవలన్న తాగితె కక్కియ్యకున్రి, జల్ది దవాఖానకు ఉరుకున్రి. ఇగ లైనంత నువ్వే చెప్పాలె. నా డ్యూటీ అయిపోయింది."

మార్తమ్మ ఖాళీ సంచితో బస్సెక్కింది. ఆ బస్సు కాలనీ దాటకముందే దీప, పక్కింటి కనకవ్వ పెరటి గోడ దగ్గర నిలబడి గొంతు పెంచింది. "చెప్తుంటె ఇనవేందక్కా, ఆ సీస తియ్యి ముందుగాల!"

ఆమె వెనకాల, తన పెరట్లో నల్లా పక్క గోడ మీద, రేపటి షిఫ్టుకని తోమి బోర్లించిన దావీదు చెంబు ఉంది.