నాలుగు సెకన్లు

నాలుగు టన్నుల ఇనుప రేకుల కట్ట గాల్లో ఉండగా ఆమె గుండె లయ తప్పింది.

మొదట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. తర్వాత రొమ్ములో, ఉడికే గిన్నె మీద మూతలా టపటపా కొట్టుకుంది. అంతలోనే ఆ కొట్టుకోవడం ఆగిపోయింది. నలభై అడుగుల ఎత్తులో, క్రేను గదిలో కూర్చున్న ఆమెకి కిందున్న షెడ్డంతా పలచబడి, తెల్లబడి, మాయమైంది.

కళ్ళు తెరిచేసరికి తన ఒళ్ళు లీవరు మీదికి వాలి ఉంది. క్రేను కదులుతోంది. రేకుల కట్ట తూర్పు స్తంభం వైపు పోతోంది. ఆ స్తంభానికి వీపు ఆనించి, పారిపోవడానికి దారి లేక, అందరూ పొట్టి అని పిలిచే కుర్రపిల్ల నిలబడి ఉంది. ఆమె లీవరు వెనక్కి లాగింది. కట్ట ఒక్కసారి ఊగి, పొట్టి మొహానికి మూరెడు దూరంలో ఆగింది.

కింద ఎవరో కేక పెట్టారు. తర్వాత సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "పైన నిద్రపోతున్నావా, పాట పాడుకుంటున్నావా?"

కట్టని నెమ్మదిగా నేలకి దించి, ఆమె నిచ్చెన దిగింది. ఒక్కో మెట్టు పట్టుకోవాలంటే వాచిన వేళ్ళు ససేమిరా అంటున్నాయి. కిందికి రాగానే పొట్టి దగ్గరికి వెళ్ళింది. గొలుసులు తగిలించే ముగ్గురు ఆడవాళ్ళలో చిన్నది పొట్టి. నవ్వబోయింది.

"ఏంటక్కా, నా మీద అంత కోపమా?"

ఆమె నవ్వలేకపోయింది. పొట్టి భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ షెడ్డులో క్రేను ఎక్కిన మొదటి ఆడది ఆమె. పదకొండేళ్ళుగా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అందరికీ క్రేనక్కే. ఆరేళ్ళ కింద కీళ్ళనొప్పులు మొదలయ్యాయి. బుగ్గల మీదా ముక్కు మీదా ఎర్రటి మచ్చ పరుచుకుంది. "ఏ క్రీము రాస్తున్నావక్కా, ఇంత మెరిసిపోతున్నావ్" అని లోడింగువాళ్ళు ఆటపట్టించేవారు. పెద్దాసుపత్రిలో లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే ఒంటి మీద పడి కొట్టే జబ్బు అన్నారు. మాత్రలు మింగుతూ పని చేసుకుంటూ వచ్చింది. ఈ గుండె దడ మాత్రం కొత్తది. నాలుగు వారాలుగా వస్తోంది, పోతోంది.

ఆ మధ్యాహ్నమే ఆమెను కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన చేతులకీ కాళ్ళకీ తీగలు తగిలించి, ఒక కాగితం పట్టీ లాగి చూశాడు.

"అంతా బాగుంది. కంగారు మనిషివి, అంతే. ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే."

"వచ్చినప్పుడు చూడాలి కదండీ. ఇప్పుడు లేదు. వచ్చి పోయింది."

"అదే చెప్తున్నా, కంగారని."

"నా వయసు మగాడొచ్చి గుండె ఆగినట్టుందంటే ఇదే మాట చెప్తారా డాక్టరుగారూ?"

ఆయన కలం అందుకున్నాడు. బలానికి మాత్రలు రాసి, ఇంకో కాగితం మీద 'పనికి తగును' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ కాగితం చేతికిచ్చినా ఆమె పైకెక్కలేదు. సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఛాతీకి తీగలంటించి, నడుముకి చిన్న పెట్టె కట్టి, ఏ టైములో ఏం చేస్తున్నదీ రాసుకుంటూ ఒక రోజంతా తిరగమన్నారు. మర్నాడు డాక్టరమ్మ తెర మీద గీతలు చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"కొట్టుకోమని గుండెకి కబురు పంపే దారులుంటాయి లోపల. మీ లూపస్ వల్ల గుండెకీ వాపు వచ్చింది, ఆ దారులు దెబ్బతిన్నాయి. ఒకప్పుడు పరుగెడుతోంది, ఒకప్పుడు నిలిచిపోతోంది. నిన్న సాయంత్రం బట్టలు ఉతుకుతున్నానని రాశారే, ఆ టైములో నాలుగు సెకన్లు ఆగింది."

"అంటే నేను కంగారు మనిషిని కాదన్నమాట."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "ఎవరన్నారా మాట?"

ఆమెకి ఎందుకో నవ్వొచ్చింది. నాలుగు వారాలుగా, తనకే పిచ్చి పట్టిందేమోనని భయపడింది. ఆ నవ్వు సగంలోనే ఆగి భయంగా మారింది.

"తగ్గుతుందా అమ్మా?"

"వాపు తగ్గడానికి మందులు పెంచుతాను. రేపే వచ్చి వార్డులో చేరండి. కుదుటపడొచ్చు. పడకపోతే గుండెకి చిన్న యంత్రం పెట్టాలి, దాంతో హాయిగా బతుకుతున్నవాళ్ళున్నారు. కానీ నేను రాసిచ్చేదాకా ఎత్తులెక్కకూడదు, బండి నడపకూడదు. ఇది మీ కోసం ఎంతో, మీ కిందున్నవాళ్ళ కోసమూ అంతే."

ఇంటికొచ్చాక, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని భర్త రెండుసార్లు చదివాడు. ఆయన బడి వ్యాను డ్రైవరు.

"చూపించకు. ఎక్కనన్నావంటే ఊడ్చే పనిలో వేసి సగం జీతం చేస్తారు. ఆ కంపెనీ కాగితముందిగా, అది చాలు."

"పిల్లలు వ్యానులో ఉండగా నీకిలా అయితే దాస్తావా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"పొట్టి కూడా ఎవరో కన్న పిల్లే కదా."

ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున, వేళ్ళు వంగని ఆమెకి రోజూలాగే యూనిఫాం గుండీలు పెట్టాడు. చివరి గుండీ దగ్గర చెయ్యి ఆపి, "చెప్పేసి నేరుగా ఆసుపత్రికి వచ్చెయ్. నేను గేటు దగ్గరుంటా" అన్నాడు.

సూపర్‌వైజరు కాగితం అందుకుని, చదవకుండానే మడిచాడు.

"ఇది నువ్వు తేలేదు, నేను చూడలేదు. ఈ వారం లారీలు వెళ్ళిపోవాలి. తర్వాత మెల్లగా చూద్దాం."

"ఎక్కనండీ."

"పనికి తగునని మా డాక్టరు రాశాడు."

"అయితే మీ డాక్టరుని వచ్చి హుక్కు కింద నిలబడమనండి."

లోడింగువాళ్ళు మూగారు. వాళ్ళలో పెద్దాయన, ఆమె మావయ్యా అని పిలిచే మనిషి, తల గోక్కున్నాడు. "నీ బాధ నీదే అనుకో. క్రేను ఆగితే మా ఓవర్‌టైం పోతుంది కదమ్మా."

ఆ మాట సూపర్‌వైజరు తిట్లకన్నా గట్టిగా తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోకుండానే సూపర్‌వైజరు చేతిలోంచి కాగితం లాక్కుంది.

"మావయ్యా, నా గుండె ఎంతసేపు ఆగుతోందో ఇందులో రాశారు. నాలుగు సెకన్లు. ఎంతో కాదు కదూ? లెక్కపెడతా, విను."

చెయ్యి పైకెత్తింది. "ఒకటి."

షెడ్డులో చప్పుడు తగ్గింది.

"రెండు."

ఎవరో తలెత్తి పైన వేలాడుతున్న హుక్కు వైపు చూశారు. వెంటనే మిగతావాళ్ళూ చూశారు.

"మూడు."

పెద్దాయన తనకి తెలీకుండానే పక్కకి జరిగాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు జరిగారు.

"నాలుగు. మొన్న ఇంతసేపు పొట్టి స్తంభానికి అతుక్కుని నిలబడింది. నాకు జబ్బని నేను సిగ్గుపడను. మందులు మింగుతా, యంత్రం పెట్టమంటే పెట్టించుకుంటా, బాగయ్యాక మళ్ళీ ఎక్కుతా, ఆ కుర్చీ నాది. కానీ ఇవాళ మాత్రం మీ నెత్తి మీద ఇనుము మోయను. ఇంటికి పంపిస్తే పంపించుకోండి, ఏం రాసి పంపిస్తారో నాకు చూపించి మరీ పంపండి."

సూపర్‌వైజరు మొహం కందగడ్డయింది. "నువ్వు లేకపోతే పని ఆగుతుందనుకున్నావా? నాకు రాదనుకున్నారా?" అంటూ విసవిసా నిచ్చెన వైపు నడిచాడు. క్రేను నడిపి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియాలి. ఆయాసపడుతూ ఎక్కి, గదిలో కూర్చుని గంట మోగించాడు. హుక్కు కుదుపులతో దిగి, రేకుల కట్ట పైన నడుమెత్తున ఆగింది.

గొలుసులు తగిలించాల్సింది పొట్టి. హుక్కు దాకా నడిచింది. దాన్ని కాసేపు చూసింది. తర్వాత చేతులు కట్టుకుని, వచ్చి క్రేనక్క పక్కన నిలబడింది. మిగతా ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, చేతి తొడుగులు ఊడదీశారు.

పైన గంట మళ్ళీ మోగింది. పెద్దాయన కట్ట మీద చతికిలబడి, చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి, "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా, ఒకసారి నేనూ చదువుతా" అన్నాడు.

గంట మోగుతూనే ఉంది. ఖాళీ హుక్కు వాళ్ళ మధ్య అటూ ఇటూ ఊగుతోంది. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ కదల్లేదు.