నర్సుగారు చెప్పారు

పాతికేళ్ళుగా నా పని జనానికి బయటి ప్రపంచం కనిపించకుండా చెయ్యడం. కర్టెన్లు కుడతాను. టేపు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కిటికీలు కొలుస్తాను. పొడవులో జానెడు మడతకి కలిపి, వెడల్పుకి రెట్టింపు కుచ్చులకి వేసుకుని ఎంత గుడ్డ కావాలో చెప్తాను. కిటికీ ఎంత బాగుంటే జనం అంత మందం గుడ్డ అడుగుతారు. ఎదురుగా కొండ కనిపించే కిటికీకి వెలుగు చొరబడని లైనింగ్ వెయ్యమన్న మహానుభావులున్నారు. నా కూలి నాది అనుకుని వేసేదాన్ని. కానీ నిచ్చెనెక్కి రింగులు తగిలించేటప్పుడు ఆ కొండని ఆఖరిసారి చూసేది నేనే కదా, కడుపు మండేది.

అలా మండీ మండీ ఒక రోజు నిర్ణయించేసుకున్నాను. బస్సెక్కి పక్క దేశం పోతాను. అక్కడి నుంచి దాని పక్క దేశం, ఆ తర్వాత ఇంకోటి, గుండ్రంగా తిరిగి ఇంటికి. విమానాలు మనవల్ల కాదు. రాత్రి బస్సులో పడుకుంటే గది అద్దె మిగులుతుందనీ, మంచం మీద మంచం వేసే సత్రాల్లాంటి గదుల్లో ఆడవాళ్ళకి విడిగా చోటుంటుందనీ మా అన్నయ్య కూతురు ఫోన్లో వెతికి చెప్పింది. అది కొరియర్ ఆఫీసులో పని చేస్తుంది, దేశాలన్నీ పార్సిళ్ళ మీద చదివేసింది. మా ఇద్దరి లెక్క మాత్రం డబ్బుల్లో ఉండేది కాదు.

"అత్తా, రెండో దేశం ఎంతవుతుంది?" అనేది.

"ఒక హాలు, రెండు పడగ్గదులు," అనేదాన్ని.

మూడో దేశం కాస్త ఖరీదు. దాని కోసం ఒక నర్సింగ్ హోం మొత్తానికి కర్టెన్లు ఒప్పుకున్నాను.

ఒక్కదాన్నే వెళ్ళాలి. ఇది మాత్రం ఖాయం చేసుకున్నాను. ఎవరితో వెళ్ళినా వాళ్ళ సంచీ నేనే మోస్తాను, వాళ్ళ ఆకలికి ఆగుతాను, వాళ్ళు చూడాలన్నవే చూసి, బాగుందా అని వాళ్ళడిగితే బాగుందంటాను. దీన్ని అందరూ మంచితనం అంటారు. నన్నడిగితే జబ్బంటాను. ఆ జబ్బు లేకుండా నేనెలా ఉంటానో చచ్చేలోగా ఒక్కసారి చూసుకోవాలని నా కోరిక.

ఇక అన్నయ్య. లిఫ్టు మెకానిక్కుగా పని చేసి రిటైరయ్యాడు. జీవితమంతా పైకీ కిందికీ తప్ప పక్కకి వెళ్ళిన మనిషి కాదు. వదిన పోయినప్పుడు నాలుగు రోజులు సాయంగా ఉండమని నన్ను పిలిచాడు. నేను పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని కాబట్టి మిషను మోసుకుని వచ్చేశాను. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. కూతురు పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. ఇంట్లో మిగిలింది ఆయనా, నేనూ, ఆయన టీవీ.

ప్రయాణం సంగతి చెప్పగానే టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు.

"తోడెవరు?"

ఒక్కదాన్నే అందామని నోరు తెరిచాను. అంటే ఏమవుతుందో తెలుసు. నేను ఒక్కదాన్నే అంటే ఆయనకి ఒంటరిగా అని వినపడుతుంది. ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో ఆయనకి వివరించేసరికి నా వీసా గడువు కాస్తా అయిపోతుంది.

"ఒక నర్సు," అన్నాను.

ఆ రోజంతా నర్సింగ్ హోంలో మంచాల మధ్య పరదాలు తగిలించి వచ్చాను. అందుకే నోటికి అదొచ్చినట్టుంది. అన్నయ్య టీవీ ఆపేశాడు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక నా మాట కోసం టీవీ ఆగడం అదే మొదలు.

"నర్సా? గవర్నమెంటా, ప్రైవేటా?"

"గవర్నమెంటు. రిటైరయ్యారు."

"పెళ్ళయిందా?"

అయిందంటే ఆ భర్త ఎలా పంపుతున్నాడని అడుగుతాడు. ఆయన కూడా రావచ్చుగా అంటాడు. అంత ముందుచూపుతో ఆలోచించి, "భర్త పోయారు," అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య పంచె మోకాలి దాకా లాగి చూపించాడు. "మెట్లెక్కుతుంటే ఇక్కడ పట్టేస్తోంది. ఆవిణ్ణి అడిగి చూడు."

సాయంత్రం పని నుంచి వచ్చి, "నర్సుగారు చెప్పారు. ఉప్పు తగ్గించాలట, పొద్దున్నే నడవాలట," అన్నాను. ఈ రెండు ముక్కలూ నేను ఎన్నేళ్ళుగానో చెప్తున్నాను. నేను చెప్పినప్పుడు "నీకేం తెలుసు, పోవే" అన్న మనిషి, మర్నాడు తెల్లారేసరికి బూట్లేసుకుని గుమ్మంలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే భలే అవకాశమనిపించింది.

భుజం నొప్పన్నాడు. నర్సుగారు గోరువెచ్చని సబ్బు నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ ఉండమన్నారు. "గిన్నెలు తోమడాన్ని మించిన వ్యాయామం లేదట అన్నయ్యా," అని చెప్తుంటే నవ్వాగక దగ్గు తెచ్చుకున్నాను. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడ్డాడు. మతిమరుపు వస్తోందన్నాడు. నర్సుగారు రోజుకో కొత్త వంట నేర్చుకోమన్నారు, బుర్ర చురుగ్గా ఉంటుందట. మొదటి రోజు కోడిగుడ్డు ఉడకబెట్టి, ఇంజను విప్పి బిగించినంత గర్వంగా నా పళ్ళెంలో పెట్టాడు. టీవీ కళ్ళకి మంచిది కాదట. తడి తువ్వాలు మంచం మీద వేస్తే వెన్నునొప్పి వస్తుందట. దీనికి ఎందుకూ అని కూడా అడగలేదు.

మేనకోడలు ఆదివారం వచ్చి, వాళ్ళ నాన్న కూరగాయలు తరుగుతుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"అత్తా, నాన్నకేమైంది? డాక్టరుకి చూపిద్దామా?"

అసలు సంగతి చెప్పాను. కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"మరి నర్సత్తకి కూడా సీటు బుక్ చెయ్యనా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

అంతవరకూ బాగానే ఉంది. నేను బస్సుల వేళలు రాసుకుంటూ, ఏ ఊళ్ళో ఏ రాత్రి పడుకోవాలో చూసుకుంటూ, నా అంత తెలివైనది లేదని మురిసిపోతున్నాను. ఈలోగా అన్నయ్య జుట్టుకి రంగు వేసుకున్నాడు. చొక్కా కొన్నాడు, అదీ గళ్ళ చొక్కా. ఒకరోజు నేను మిషను మీద వంగి అంచు కుడుతుంటే వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడకి లిఫ్టంటే భయమా?"

"ఏమో, తెలీదు."

"భయమైతే నాకు చెప్పు. తాడు తెగి పడిపోవడమనేది జరగదు. ఒకటి కాదు, నాలుగైదు తాళ్ళుంటాయి. అన్నీ తెగినా పట్టుకునే బిగింపు వేరే ఉంటుంది. నేను వివరంగా చెప్తాను ఆవిడకి."

సూది వేలికి గుచ్చుకుంది. ఆయన ముఖం చూశాను. వదిన పోయాక ఆ ముఖంలో అలాంటి వెలుగు చూడలేదు.

మూడో రోజున కొంప మునిగింది. "మన పిల్లకి చెప్పి నాకూ అదే బస్సుకి టికెట్టు తీయించాను," అన్నాడు గళ్ళ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. "ముగ్గురమైతే ఆటోలకీ గదులకీ కలిసొస్తుంది. సామాను నువ్వు చూసుకో, ఆవిణ్ణి నేను చూసుకుంటాను."

ఒక్కదాన్నే వెళ్దామనుకున్నదాన్ని. ఇప్పుడు అన్నయ్య సామాను, నా సామాను, అసలు లేనే లేని మనిషి సామాను కూడా నా నెత్తి మీద పడింది. మేనకోడలికి ఫోన్ చేసి తిట్టాను. "నేనేం చెయ్యను అత్తా, అడిగేటప్పుడు సిగ్గుపడ్డాడు. నాన్న సిగ్గుపడటం నేనెప్పుడు చూశాను? కాదనలేకపోయాను," అంది. దాన్ని తిట్టి లాభం లేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య సింకు దగ్గర ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ పళ్ళేలు కడుగుతున్నాడు. ఇంక ఆలస్యం చేస్తే ఈ మనిషి బాజాలు మాట్లాడతాడని వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అన్నయ్యా, ఒక మాట. నర్సుగారు లేరు."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. లేరు. అంతే."

పళ్ళెం నీళ్ళలోకి జారిపోయింది. నా వైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

ఆ మాట నాకు అర్థమయ్యేసరికి ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. తడి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. "నిన్న కూడా నా భుజం ఎలా ఉందని అడిగారన్నావే. ఆరోగ్యం గురించి అంత తెలిసిన మనిషి..." అని ఆగిపోయాడు.

కాదన్నయ్యా అని వెంటనే అనాలి. అనలేదు. నా బుద్ధి ఎంత పాడుబుద్ధంటే, ఆ రెండు నిమిషాల్లో నేను ఆలోచించింది, పోనీలే, ఇదే బాగుందని. నర్సు పోయింది. ఆయన టికెట్టూ పోతుంది. నాలుగు రోజులు బాధపడతాడు, సర్దుకుంటాడు. శవం లేదు, చుట్టాలు లేరు, అడిగేవాళ్ళు లేరు.

అన్నయ్య తలెత్తాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు వెళ్ళు," అన్నాడు. "మానకు. ఒక్కదానివే వెళ్ళు. పాపం ఆవిడ ఎన్నాళ్ళుగా అనుకున్నారో. ఆవిడ కోసమైనా వెళ్ళి అన్నీ చూసిరా."

నేను కోరుకున్నది అదే. ఒక్కదాన్నే, అన్నయ్య నోటితో, రెండు చేతులా ఇచ్చేశాడు. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, నాకు ఏడుపొచ్చింది. నర్సింగ్ హోం మొత్తం కుట్టింది నేను. నిచ్చెనెక్కింది నేను. నడుం పడిపోయింది నాకు. చివరికి వెళ్ళమన్నది మాత్రం ఒక చచ్చినావిడ కోసం. అదీ పుట్టనే పుట్టని ఆవిడ కోసం!

"ఆవిడ కోసం కాదన్నయ్యా, నా కోసం వెళ్తాను," అన్నాను. "నర్సు చనిపోలేదు. అసలు నర్సే లేదు. నేనే కల్పించాను."

అన్నయ్యకి కాసేపు పట్టింది. "ఇప్పుడే పోయారన్నావు. ఇప్పుడు పుట్టనే లేదంటున్నావు."

"ఉప్పు తగ్గించమన్నది నేను. నడవమన్నది నేను. గిన్నెలు తోమమన్నది నేను."

"తువ్వాలు?"

"అదీ నేనే."

ఆయన ముఖం మాడిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది. గళ్ళ చొక్కా మీద నీటి మరకని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"నన్ను వెధవని చేశావు," అన్నాడు చివరికి.

"చేశాను. తప్పే. కానీ ఆవిడ చెప్పినవాటిలో ఒక్కటైనా నేను అంతకుముందు చెప్పనిది ఉందేమో చూడు."

"నువ్వు చెప్తే నేను విననా?"

"ఎప్పుడైనా విన్నావా?"

లేచి వెళ్ళి టీవీ పెట్టాడు. గోడ అవతలివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా పెట్టాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మాటల్లేవు. ఆయన టికెట్టు ఆయనే రద్దు చేయించుకున్నాడు. గిన్నెలు తోముతూనే ఉన్నాడు, కానీ ప్రతి గిన్నెనీ నన్ను కొడుతున్నట్టు బోర్లించేవాడు. వెళ్ళే రోజు నేను సంచీ భుజానికి తగిలించుకుని "వెళ్ళొస్తానన్నయ్యా" అంటే, పేపరు దించకుండా, "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు," అన్నాడు. దాన్నే దీవెన అనుకుని గడప దాటాను.

బస్సు కిటికీకి కర్టెన్ ఉంది. కుట్టు చూస్తే నాసిరకం, అంచు అప్పుడే ఊడిపోతోంది. దాన్ని పక్కకి లాగి కడ్డీకి ముడేసేశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు చాలా సంతోషంగా ఉంది. ఎండిన పొలాలు, సిమెంటు ఫ్యాక్టరీ, టైర్లు గుట్టగా పోసిన షెడ్లు, అన్నీ నాకే. బాగుందా అని అడిగేవాళ్ళు లేరు. ఒకచోట ఆకలేసింది, తిన్నాను. ఇంకోచోట వెయ్యలేదు, మానేశాను. మధ్యమధ్యలో అన్నయ్య ముఖం గుర్తొచ్చేది. మళ్ళీ ఏదో వంతెన వచ్చేది, చూసేదాన్ని.

సరిహద్దు దగ్గర అందర్నీ దింపి వరసలో నిలబెట్టారు. అద్దం వెనక కూర్చున్న ఆఫీసరుకి నా భాష రాదు, నాకు ఆయనది రాదు. పాస్‌పోర్టు చూశాడు, నా వెనక ఎవరైనా ఉన్నారా అని తొంగి చూశాడు. ఒక వేలు చూపించి కనుబొమలు ఎగరేశాడు. నేనూ ఒక వేలు చూపించాను. ఠక్కున ముద్ర కొట్టి తోసేశాడు. వివరణ అడగలేదు. ఆ మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

గేటు దాటి అవతలి పక్క బస్సు కోసం నిలబడితే ఫోన్ మోగింది. అన్నయ్య.

"ఎక్కడున్నావు?"

"ఇప్పుడే దాటాను. పక్క దేశంలో ఉన్నాను."

"ఊఁ," అన్నాడు. పెట్టేస్తాడేమో అనుకున్నాను.

"భుజం మళ్ళీ పట్టేసింది," అన్నాడు. "చెయ్యి పైకి లేవట్లేదు. ఏం చెయ్యమంటావు?"

నా పాడు నోరు ఊరుకోదు కదా. "నర్సుగారు లేరుగా ఇప్పుడు," అన్నాను.

"లేరని నాకూ తెలుసు. నిన్నే అడుగుతున్నాను."

కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళకి మొదటిసారి నన్నడిగాడు, తీరా చూస్తే భుజాల గురించి నాకేమీ తెలియదు.

"నాకు తెలీదన్నయ్యా," అన్నాను. "సబ్బు నీళ్ళ మాట వట్టిది. డాక్టరు దగ్గరికి వెళ్ళు."

"సరే, రేపు వెళ్తాను," అన్నాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు.