గడియ పడని వారం

కొండకింది కాలనీ మీద మట్టి విరుచుకుపడిన మూడో రోజున తాళాలాయన్ని స్కూలు గ్రౌండుకి పిలిపించారు. తాళాలు బాగుచెయ్యడం ఆయన పని. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. కోపమొస్తే ఆయన భార్య కూడా.

బురదలోంచి లాగిన బీరువాలు పదకొండు అక్కడ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇళ్లు లేవు. బీరువాలకి మాత్రం వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయి. ఆయన గొంతుక్కూర్చుని, తాళం కన్నాల్లో మట్టి గీకి, నూనె పోసి, ఒక్కొక్కటే తెరిచాడు. తెరిచినప్పుడల్లా లోపలినుంచి బురదనీళ్లు బొళుక్కుమనేవి. ఒకతను బట్టల కింద తడిమి ఫొటోల ఆల్బం తీశాడు. పేజీలన్నీ అంటుకుపోయి ఉన్నాయి. దాన్ని మళ్లీ ఉన్నచోటే పెట్టి తలుపు మూశాడు.

"తాళం వేసెయ్యండి," అన్నాడు.

ఎందుకని అడక్కుండా వేశాడు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి ఆయన చేతిలో తాళంచెవి పెట్టింది.

"ఏ బీరువాదమ్మా ఇది?"

"బీరువాది కాదు నాయనా, మా వీధి తలుపుది. నువ్వే చేసిచ్చావు. తలుపు దొరకలేదు." తాళంచెవికేసే చూస్తూ, "మావాడూ కోడలూ కూడా ఇంకా దొరకలేదు," అంది.

చెవి మీద తన ఆకురాయి గీతలు ఆయన గుర్తుపట్టాడు. ఆవిడ ఆయన పక్కన చతికిలబడి చెప్పుకుపోయింది.

"మట్టి పడేదానికి వారం ముందునుంచీ సతాయిస్తూనే ఉంది ఆ తలుపు. గడియ పడితే ఒట్టు. వానకి చెక్క ఉబ్బిందన్నాడు మావాడు. పక్కింటివాళ్లదీ అంతే. అందరం వాననే తిట్టుకున్నాం."

ఆ మాట ఆయన చెవిన పడింది గాని మనసులోకి ఎక్కలేదు. ఎదురుగా ఇంకా నాలుగు బీరువాలున్నాయి.

సాయంత్రం ఇంటికి బయల్దేరాడు. అదే కొండకి ఇటు మలుపులో, సగం ఎత్తున, ఐదిళ్ల వరసలో ఆయనది చివరిది. రోజూ అరవై మెట్లనీ తిట్టుకుంటూ ఎక్కేవాడు. వంటగది ఇరుకనీ, కప్పు కారుతుందనీ సణిగేవాడు. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నిలబడి, గోడ మీద అరచెయ్యి ఆనించి ఉండిపోయాడు. లోపల కూతురు ఎక్కాలు అప్పజెప్పుకుంటోంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఇంత భాగ్యం తనకి మిగిలిందనుకుంటే ఆనందంగా ఉంది, ఆ వెంటే సిగ్గుగానూ ఉంది.

"ఏంటండీ, పెళ్లిచూపులకొచ్చినట్టు అలా నిలబడ్డారు?" అంది భార్య.

"ఏం లేదే. చేతులు కడుక్కోనీ."

నీళ్లు పోసుకుంటూ ఉండగానే పక్కింటి లెక్కల మాస్టారు వచ్చారు. "ఏమయ్యా తాళాలాయనా, మొన్న నువ్వు బాగుచేసిన గడియ మళ్లీ పడటంలేదు. నీ పనితనం ఇంత నాసిరకమని తెలిస్తే మేకు కొట్టుకునేవాణ్ణి కదా!"

నవ్వబోయి, పెద్దావిడ చెప్పిన తలుపు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఈ వారంలో ఈ వరసలోనే నాలుగిళ్లకి పిలిచారు. అన్ని తలుపులకీ గడియ కన్నం కిందికీ ఎడమకీ జరిగి ఉంది. వానకి చెక్క ఉబ్బిందని తనే చెప్పి, కన్నాలు పెద్దవి చేసొచ్చాడు. బేరాలు బాగున్నాయని సంబరపడ్డాడు కూడా.

కాని ఆ నాలుగిళ్లలో దర్జీ ఆవిడది ఇనప తలుపు. ఇనుము వానకి ఉబ్బదు.

పెరటివైపు పరుగెత్తాడు. గోడకీ కొండమట్టికీ మధ్య సందు కనిపించింది. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగింది, అడుగు తగల్లేదు. లోపల ఎక్కడో చిన్న రాయి దొర్లుకుంటూ పోయింది. ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

"గ్యాసు కట్టేసి పిల్లని తీసుకురా. మీ అక్కావాళ్లింటికి పోదాం."

"అన్నం దించి..."

"అన్నం వద్దు, ఏం వద్దు. లే!"

మాస్టారు కదల్లేదు. "నలభై ఏళ్లుగా నిలబడ్డ ఇళ్లయ్యా ఇవి."

"మాస్టారూ, ఒక తలుపు చెడితే తప్పు తలుపుది. నాలుగిళ్లవీ ఒకేవైపు జరిగితే తప్పెవరిది? లెక్క మీరే చెప్పండి."

మాస్టారు ఆయన మొహంలోకి చూశారు. ఇంట్లోకి వెళ్లి కళ్లజోడొక్కటి తీసుకుని బయటికొచ్చేశారు. కుట్టుమిషను వదిలి రానని దర్జీ ఆవిడ మొండికేస్తే, దాన్ని ఇద్దరూ చెరో పక్కా పట్టి దించారు. చీకటి పడేలోగా ఐదిళ్లూ ఖాళీ అయ్యాయి.

రెండ్రోజులు ఏమీ కాలేదు. "మీ ఆయనకి మట్టి చూసి బెదురు పట్టింది," అని వదినగారు చెల్లెలితో అననే అంది. మూడోనాడు మధ్యాహ్నం, అన్నాల వేళ, ఎదురుగా ఉన్న తమ కొండ మీంచి లారీ రాళ్లు దించినట్టు చప్పుడైంది. అందరూ మేడ మీదికెక్కారు. మాస్టారి ఇల్లూ, ఆ అవతలి మూడూ లేవు. ఎర్రటి మట్టి ఇంకా జారుతూనే ఉంది. దాని అంచున, ఒక పక్కకి ఒరిగి, తాళాలాయన ఇల్లొక్కటే నిలబడి ఉంది. ఇక అందులో ఎవరూ అడుగుపెట్టకూడదని సాయంత్రం ఆఫీసరు వచ్చి చెప్పాడు.

పిట్టగోడ పట్టుకుని భార్య వెక్కివెక్కి ఏడ్చింది.

"మనది పోలేదుగా, ఎందుకే ఏడుపు?"

"పోలేదనే ఏడుస్తున్నానండీ."

ఆయన సంచీ భుజాన వేసుకుని, ఆ కొండ మీద ఇంకా జనమున్న పై వీధి వైపు బయల్దేరాడు, ఇంటింటికీ వెళ్లి తలుపులు వేసి చూడటానికి. మెట్ల దగ్గరకి చేరేసరికి వాన మళ్లీ మొదలైంది.