సగంలో ఆగిన మాట

నేను ఒక రాతి పలకను. మార్కాపురం గనుల్లో పుట్టాను. చుట్టూ చెక్క చట్రం బిగించి నన్ను ఒక కాన్వెంటు బడికి పంపారు. అక్కడి పిల్లలు నా మీద అఆలు దిద్దారు, ఉమ్మితో చెరిపారు. నోటుపుస్తకాలు వచ్చాక నన్ను సామాన్ల గదిలో పడేశారు.

మళ్ళీ వెలుగులోకి తెచ్చింది నర్సు సలోమి. వయసులో ఉండగా ఇటలీ నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైపోయిన సిస్టర్ లుచియాకు పక్షవాతం వచ్చింది. గలగలా మాట్లాడిన తెలుగంతా తుడిచిపెట్టుకుపోయింది. చిన్ననాటి ఇటాలియన్ మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఆ భాష సలోమికి కొంత నేర్పింది ఆవిడే. ఇప్పుడు సలోమి నా మీద ఒక్కో మాటా విరిచి రాసి పలికించేది.

"మామ్... మా. మన అమ్మలాగానే సిస్టర్, ఒత్తు కాడ విరుగుద్ది. అనండి."

'మామ్' వచ్చేది. 'మా' దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలేది కాదు.

ఒక మధ్యాహ్నం కాన్వెంటు పెద్ద మదర్ ఫిలోమినా వచ్చి, "ఎక్కడుంటారు సిస్టర్? ఇక్కడా, ఇటలీలోనా?" అని అడిగింది. సిస్టర్ ఎడమచేత్తో బలపం పట్టి మెల్లగా గీసింది. సి, ఏ, ఎస్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయో లేదో, "కాసా! అంటే ఇల్లు. ఇంటికెళ్తానంటున్నారు" అంది మదర్.

బలపం ఇంకా కదిలింది. కా, సెత్... అక్కడ చెయ్యి వాలిపోయింది.

"కాసా కాదు మదర్, కాసెత్తా!" అంది సలోమి. "ఇల్లు అనే మాటకి తోక తగిలిస్తే బుల్లి ఇల్లు అవుద్ది. ఈ గదిని సిస్టర్ అట్టాగే పిలుస్తారు. ఇక్కడే ఉంటానంటున్నారు."

సిస్టర్ కళ్ళు నిండాయి. మదర్ నన్ను చేతిలోకి తీసుకుని ఆ అక్షరాలు చదివింది.

"అక్కడ మంచి ఆసుపత్రులున్నాయి సలోమీ. నువ్వొక్కదానివే ఎంతకాలం చేస్తావు? టికెట్టు కూడా తీసేశాం."

ప్రేమగానే అంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. మనుషులు నిర్ణయించుకున్నాక కూడా అడుగుతారు, అది వాళ్ళ మర్యాద.

వెళ్ళేరోజు సలోమి నన్ను సిస్టర్ సంచిలో పెట్టింది. బరువెక్కువైందని ఎవరో తీసి గుమ్మంలో ఉంచారు. కారులోంచి సిస్టర్ నా వైపు చెయ్యి చాపింది. టాటా చెబుతోందనుకుని అందరూ చేతులూపారు.

సొంతవాళ్ళెవరూ మిగలని ఆ దేశంలో, వానలు రాకముందే ఆవిడ పోయింది. అక్కణ్ణుంచి మదర్‌కు ఫోనొచ్చినప్పుడు సలోమి అడిగింది.

"చివర్లో ఏమన్నా అడిగారా మదర్?"

"ఏమీ అడగలేదంట. చాలా ప్రశాంతంగా ఉన్నారంట."

ఇప్పుడు నేను నీళ్ళకుండ మీద మూతను. సలోమి రోజూ నన్ను పక్కకు జరిపి నీళ్ళు ముంచుకుంటుంది. నా వైపు చూడదు.